ముసురు పట్టిన ఇంట్లో చంటిబిడ్డ

తెలుగులో వానకు ఉన్న పేర్లలో జల్లు, జడి, తుంపర, గాలివాన వంటివి వాన తీరును మాత్రమే చెబుతాయి. ముసురు అనే మాట వాన తీరుతో పాటు ఇంటి పరిస్థితిని కూడా చెబుతుంది. ఈగలు ముసిరినట్టు మబ్బులు ముసిరి, రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం దాకా తెరిపి ఇవ్వకుండా సన్నగా కురిసే ఈ వాన పెద్దల పనిని ఆపదు గాని, అప్పుడే నడక నేర్చిన బిడ్డను మాత్రం గడప దాటనివ్వదు. సంస్కృతంలో ఇటువంటి పగటిని దుర్దినం అన్నారు. మేఘాలు కమ్మిన రోజని అమరకోశం దానికి అర్థం చెప్పింది. ఏడాది దాటి మూడేళ్ళు నిండని వయసులో, తప్పటడుగులు వేస్తూ, దొరికినదల్లా నోట పెట్టుకొంటూ, సగం మాటలతో సగం సైగలతో తన కోరికలు తెలియజేసే బిడ్డను అటువంటి రోజుల్లో ఇంటివాళ్ళు ఎలా ఆడించారో చెప్పడానికి తెలుగువారు వాడిన క్రియ ఒకటి గమనించదగినది. పెద్దల వినోదానికి వినోదమనే పేరుంది. చంటిబిడ్డ విషయంలో మాత్రం మరిపించడం అంటారు, అంటే ఆకలినో, తల్లినో, వీధినో కాసేపు మరిచిపోయేట్టు చేయడం. దానికి ఇంకొంచెం గడుసు రూపం ఏమార్చడం. ఈ మాటల్లోనే ఆ పని స్వభావం తెలుస్తుంది: బిడ్డకు కావలసినది ఇవ్వలేని వేళ, దాని బదులు చేతికి అందిన మరొకటి ఇచ్చి పొద్దు గడపడమే ఆ పని.

రాజుల ఏనుగుల సంఖ్యను, బ్రాహ్మణులకిచ్చిన భూముల సరిహద్దులను రాళ్ళ మీద చెక్కించి దాచుకొన్న దేశంలో ఈ పనికి శాసన సాక్ష్యం దొరకదు; సాక్ష్యం ఏదైనా ఉంటే అది కవుల దగ్గర, అదీ వేరే సందర్భం చెబుతూ యథాలాపంగా వదిలిన మాటల్లో దొరుకుతుంది. శాతవాహన రాజు హాలుడు సంకలనం చేశాడని చెప్పే గాథాసప్తశతి, అంటే సుమారు ఏడువందల ప్రాకృత పద్యాల సంపుటి, దక్కన్ పల్లె జీవితానికి మనకున్న అతి పాత అద్దాల్లో ఒకటి. భర్త దేశాంతరం పోయిన ఒక ఇల్లాలు, చూరు నుంచి కారే వాననీటిని తన తల మీదే పట్టి ఒడిలోని కొడుకును తడవకుండా కాపాడుతూ, తన కన్నీళ్ళతో వాడు తడిసిపోతున్న సంగతి గమనించదని అందులో ఒక గాథ చెబుతుంది. కవి దృష్టి విరహం మీద ఉన్నా, వాన నాడు కారే కప్పు కింద బిడ్డతో ఒంటరిగా మిగిలిన మనిషిని చూపిన తొలి చిత్రాల్లో దీన్ని లెక్కించవలసి ఉంటుంది. అక్కడ ఆట లేదు, పాట లేదు. ఒంటితో అడ్డుకోవడం తప్ప ఆ తల్లికి మరో సాధనం లేదు.

ఆట కనిపించేది శూద్రకుని మృచ్ఛకటికంలో. ఆ నాటకం ఉజ్జయినిలో జరుగుతుంది, తెలుగునాటికి దానితో నేరుగా సంబంధం లేదు. అయినా ఈ విషయానికి అంతకన్నా చక్కగా అమరిన కథ ప్రాచీన సాహిత్యంలో కనిపించదు. అయిదో అంకం పేరే దుర్దినం: ఉరుముల వానలో వసంతసేన చారుదత్తుని ఇల్లు చేరుతుంది. ఆ వాన రాత్రి గడిచి తెల్లవారాక, ఆరో అంకంలో చారుదత్తుని చిన్న కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాడి బంగారు బండి కోసం ఏడుస్తుంటే, పనికత్తె రదనిక మట్టిబండి చూపి ఊరడించబోతుంది, వాడు ఒప్పుకోడు, వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిలో నింపుతుంది. ఆ నగలే తరువాత కథను న్యాయస్థానం దాకా నడిపిస్తాయి కనుక విమర్శకులు వాటి గురించే ఎక్కువగా రాశారు. ఆటల చరిత్ర వైపు నుంచి చూస్తే మట్టిబండే ముఖ్యం, దానికన్నా అది పట్టుకొని నిలుచున్న రదనిక ముఖ్యం. బిడ్డను మరిపిస్తున్నది తల్లి కాదు. వాడు అడిగినది ఇవ్వలేని ఇంట్లో, దానికి బదులుగా మట్టితో చేసినదాన్ని అంటగడుతున్న మరో ఆడమనిషి. తెలుగు ఇళ్ళలోనూ వాన రోజుల చరిత్ర దాదాపు ఇలాగే నడిచింది.

సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో శాతవాహన కాలపు పట్టణం తవ్వినప్పుడు కాల్చిన మట్టి బొమ్మలు, చీనామట్టి వంటి తెల్లమన్నుతో చేసిన సన్నని బొమ్మలు చాలా బయటపడ్డాయి. వాటిలో ఏది పూజకు, ఏది ఆటకు అన్న చర్చ తేలేది కాదు, బహుశా తేల్చవలసిన అవసరమూ లేదు. వినాయక చవితికి పూజలందుకొన్న మట్టి ఎలుక మర్నాడు పసివాడి చేతికి చేరే దేశంలో ఆ రెంటి మధ్య గోడ ఎప్పుడూ పలుచనిదే.

వాన రోజున బిడ్డ దగ్గర తల్లి ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం కార్తెల లెక్కలో ఉంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజుల కాలాన్ని కార్తె అంటారు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, తెలుగు రైతు సేద్యమంతా వీటి ప్రకారమే సాగింది. జూన్ మొదట్లో మృగశిర ప్రవేశించింది మొదలు ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేషల మీదుగా విత్తనం, నారు, నాట్లు, కలుపు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, వీటిలో నాట్లు వేయడం, కలుపు తీయడం ఆడవాళ్ళ పని. నీళ్ళు పడ్డ వారం పది రోజుల్లో నాటు పడకపోతే పంట వెనుకబడుతుంది కనుక, ఎండాకాలంలో ఇంటి పట్టున ఉండే తల్లి సరిగ్గా ముసురు రోజుల్లోనే నెత్తిన గోనెసంచి గొంగడిలా మడిచి వేసుకొని మోకాలి లోతు బురదలో వంగి ఉంటుంది. చనుబాలు తాగే బిడ్డనైతే పొడి రోజుల్లో గట్టు మీది చెట్టుకు చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టవచ్చు. వానలో అది కుదరదు, పాలు మాన్పించిన బిడ్డను అసలే తీసుకుపోరు. భూమి ఉండి పొలంలో దిగనక్కరలేని కుటుంబాల ఆడవాళ్ళకు వంటిల్లే పొలమైంది. పదహారో శతాబ్ది మొదటి పాదంలో కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో చేసిన వర్షర్తు వర్ణన తెలుగు కావ్యాల్లో పేరు పొందినది. దానిలో మయూరాలతో పాటు, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగి, తడి కట్టెలతో, కళ్ళు మండే పొగతో పెనుగులాడే ఇల్లాళ్ళు కూడా ఉన్నారు. చక్రవర్తి కంట పడిన ఆ పొగలో చంటివాడి ప్రసక్తి లేదు, అయినా పొయ్యి ఊదుతున్న ఆ ఇల్లాలి రెండు చేతులూ ఖాళీగా లేవన్నది స్పష్టం.

అందుచేత ముసురు నాటి చంటిబిడ్డ పొలానికి పనికిరాని చేతుల పాలబడ్డాడు. నాయనమ్మ, అమ్మమ్మ, తెలంగాణలో అవ్వ, రాయలసీమలో జేజి ఒకవైపు. ఏడెనిమిదేళ్ళ అక్క ఇంకోవైపు. తెలుగు శిశుక్రీడల్లో అధికభాగం కూర్చున్నచోటి నుంచి కదలకుండా ఆడించగలిగినవి కావడానికి మోకాళ్ళ నొప్పుల ముసలమ్మే కారణమని చెప్పడం అతిశయోక్తి కాదు. రెండో పాత్ర అయిన అక్క చరిత్ర ఇంత తేలికైనది కాదు. చంకన తమ్ముణ్ణి ఎత్తుకొని తన ఆటను, తరువాతి కాలంలో తన బడిని వదులుకొన్న ఆ పిల్ల మీద ఈ ముద్దుముచ్చట్ల భారమంతా నడిచిందన్న సంగతి పాటల సంకలనకర్తలు అంతగా పట్టించుకోలేదు.

బిడ్డను లోపల ఉంచడానికి తడి ఒక్కటే కారణం కాదు. వానాకాలం వాంతులు, విరేచనాలు, చలిజ్వరాలు పట్టే కాలం. కొత్త నీరు బావుల్లో కలిసే కాలం. శ్రావణ బహుళ అమావాస్య నాడు కోస్తా జిల్లాల తల్లులు కంద మొక్కను పూజించి పిల్లల ఆయుష్షు కోరే పోలాల అమావాస్య వ్రతం సరిగ్గా ఈ నెలల్లో రావడం గమనించదగినది. బిడ్డ తడిగుడ్డలు ఆరవు కనుక కుంపటిలో నిప్పులు పోసి, దాని మీద వెదురు బుట్ట బోర్లించి, బుట్ట మీద గుడ్డలు పరిచి ఆరబెట్టేవారు. నిప్పుల మీద వేసిన సాంబ్రాణి పొగ బిడ్డ తలకు కూడా పట్టేది. నిప్పున్న కుంపటి, పాకే బిడ్డ ఒకే గదిలో ఉండటం ముసలమ్మ పనిలోని అసలు గండం. మరిపించడమంటే చాలాసార్లు కుంపటి వైపు పోకుండా చూడటమే.

ఇంటి కట్టడం బట్టి ఆట మారింది. కోస్తా ప్రాంతపు మండువా లోగిలి, అంటే నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి నడిమి ఖాళీ జాగాలో వాననీరు పడేట్టు కట్టిన ఇల్లు, వానను ఇంటి మధ్యకు రప్పించింది. ఆ నీరు తూము గుండా వీధిలోకి పోయే లోపల, చుట్టూ ఉన్న వసారాలో తడవకుండా కూర్చొని బిడ్డకు వానను చూపించవచ్చు. చేయి చాపితే చూరునీళ్ళు అరచేతిలో పడతాయి. ఉత్తరాంధ్ర తీరంలో గాలివానలను తట్టుకొనేందుకు గుండ్రంగా, నేలకు తాకేంత వాలు కప్పుతో కట్టిన చుట్టిళ్ళలో ఈ భోగం లేదు; అక్కడ వాన కనిపించదు, వినిపిస్తుంది. తాటాకు కప్పు పాతబడ్డ పూరింట్లో, గూన పెంకు జారిన పెంకుటింట్లో కారే చోటల్లా గిన్నె, తపేలా, ఇత్తడి చెంబు పెట్టేవారు. పెద్దలకు అవమానంగా, చిరాకుగా తోచిన ఆ వరస బిడ్డకు మాత్రం వాద్యబృందం: ఖాళీ చెంబులో ఒక శబ్దం, సగం నిండిన తపేలాలో మరొకటి, నిండుతున్న కొద్దీ మారే స్వరం. లేమిలోంచి పుట్టిన ఆటల్లో ఇంతకు మించినది లేదు, దీన్ని ఎవరూ ఆటగా నమోదు చేయనూ లేదు.

బిడ్డను కదలనీయకుండా ఉంచడానికి గుమ్మానికి అడ్డంగా పీట నిలబెట్టడం ఒక పద్ధతి. అంతకన్నా కఠినమైన పద్ధతికి దేశమంతటా పేరు పొందిన సాక్షి శ్రీకృష్ణుడే. పనిలో ఉన్న యశోద చేతులు చాలక కొడుకును రోటికి కట్టిన కథను పదిహేనో శతాబ్దిలో పోతన తెలుగు చేశాక, ప్రతి అల్లరి బిడ్డ తల్లికీ అది ఊరట అయింది. ఆ కథ ఫలశ్రుతి కూడా తల్లులు మరవలేదు: కట్టేసిన బిడ్డ రోలును ఈడ్చుకొంటూ పోయి మద్దిచెట్లు కూల్చాడు.

ఈ ఇళ్ళలో ఆడిన ఆటలకు సాధనం చాలావరకు మనిషి ఒళ్ళే. పదమూడో శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన బెజ్జమహాదేవి కథ శిశుసంరక్షణకు తెలుగులో దొరికే పాత ఆధారాల్లో చెప్పుకోదగినది. శివునికి తల్లి లేదని దిగులుపడి తానే తల్లి అయిన ఆమె నూనె అంటి, నీళ్ళు పోసి, కాటుక పెట్టి, పాలు పట్టి ఆ దేవుణ్ణి పెంచుతుంది. స్పర్శే అక్కడ మొదటి భాష. ఆడించడం కూడా ఆ స్పర్శకు కొనసాగింపే. పప్పన్నం ఆటలో ముసలమ్మ బిడ్డ అరచేతిని గిన్నె చేసి, తన మోచేతితో అందులో పప్పు మెదిపినట్టు తిప్పి, ఒక్కో వేలికి ఒక్కో వడ్డన పేరు చెప్పి మడిచి, చివరికి దారి వెతుకుతున్నట్టు రెండు వేళ్ళను ముంజేతి మీదుగా నడిపించి చంకలో కితకితలు పెడుతుంది. బిడ్డ ఆనందమంతా ఆ చివరి క్షణం కోసం ఊపిరి బిగబట్టడంలో ఉంది. అది తెలిసిన ముసలమ్మ దారి తప్పినట్టు నటించి, భుజం దాకా పోయి మళ్ళీ వెనక్కు వచ్చి ఆలస్యం చేస్తుంది. తారంగం అంటే బిడ్డ కూర్చొని చేతులు తిప్పుతూ ఆడే అభినయం. బాలకృష్ణుడి పేరుతో నడిచే ఈ ఆట నిలబడలేని బిడ్డకు నాట్యం. వెల్లకిలా పడుకొని మోకాళ్ళు మడిచి, పిక్కల మీద బిడ్డను కూర్చోబెట్టి ఊపడం, వీపున మోసి ఉప్పు అమ్ముతున్నట్టు ఇల్లంతా తిరిగే ఉప్పుమూట, కొంచెం పెద్దవాళ్ళు ఉంటే అందరూ వరసగా కాళ్ళు చాపి కూర్చొని ఒకరు కాళ్ళు తడుతూ లెక్కపెట్టే కాళ్ళాగజ్జె, ఇవన్నీ చాపంత జాగాలో సరిపోయే ఆటలు. వీధిలో గుండ్రంగా తిరుగుతూ ఆడే వానావల్లప్ప వానను చూసి పుట్టిన ఆటే అయినా ముసురు నాడు ముసలమ్మ దానికి ఒప్పుకోదు.

తెలుగునాట చంటిబిడ్డకు అన్నం తినిపించే అతి ప్రసిద్ధ ఉపాయం చందమామను చూపడం. అన్నమాచార్యుడు, అంటే 1408 నుంచి 1503 వరకు జీవించి తిరుమల వేంకటేశ్వరునిపై వేల సంకీర్తనలు రచించిన వాగ్గేయకారుడు, జోల పాటలతో పాటు జాబిల్లిని పిలిచే పాటను కూడా సంకీర్తనగా మలిచాడంటే ఆ అలవాటు అప్పటికే ఎంత వేళ్ళూనుకొన్నదో ఊహించవచ్చు. ముసురు పట్టిన రోజుల్లో ఈ ఉపాయం చెల్లదు. చందమామ కోసం ఏడ్చిన బాలరాముడికి అద్దంలో చంద్రబింబం చూపించి ఊరుకోబెట్టారన్న జానపద కథ తెలుగు ఇళ్ళలో విస్తారంగా వినిపిస్తుంది గాని, ఆ అద్దానికీ ఆకాశంలో చంద్రుడు కావాలి. ముసురు రాత్రుల్లో చంద్రుడి స్థానం ఆముదపు దీపానిది, తరువాతి కాలంలో కిరోసిన్ బుడ్డిది, లాంతరుది. దీపానికీ గోడకూ నడుమ రెండు చేతులు కలిపి కుందేలు, కుక్క, ఎగిరే పక్షి నీడలు పడేట్టు చేసి, వాటికి గొంతు తానే ఇచ్చే ముసలమ్మ, మేకతోలు బొమ్మలను తెర వెనుక ఆడించే తోలుబొమ్మలాటగాడి కళనే ఇంటి గోడ మీదికి తెచ్చింది.

వీటన్నిటికీ తోడుగా నడిచినది బిడ్డల భాష. బువ్వ, లాల, బజ్జో, జేజ, తాయిలం, బూచి వంటి మాటలు బిడ్డ కనిపెట్టినవి కావు. పెద్దలు బిడ్డ నోటికి తగ్గట్టు చెక్కి, తరం నుంచి తరానికి అప్పగించినవి. ఈ చిన్న నిఘంటువులో బూచికి ప్రత్యేకమైన ఉద్యోగం ఉంది. చీకటి మూల, వానలో తడిసిన పెరడు, ధాన్యపు గాదె వెనుక ఇరుకు, ఎక్కడికి బిడ్డ పోకూడదో అక్కడల్లా బూచి కాపురం ఉంటుంది. భయపెట్టి పెంచడం తప్పని నేటి శిశుశాస్త్రం చెప్పే మాట నిజమే కావచ్చు గాని, నూతికి చుట్టుగోడ లేని పెరట్లో బూచి చేసిన కావలిని తక్కువ చేయడం న్యాయం కాదు.

అక్క చేతిలో ఉన్న బిడ్డ కథ వేరు. ముసురు నాడు అరుగు మీద, వసారాలో ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలు చింతపిక్కలతో వామనగుంటలు, గవ్వలతో అష్టాచెమ్మ, చిన్న రాళ్ళతో అచ్చంగాయలు ఆడతారు. చంటివాడి చేతికి చింతపిక్క చిక్కితే నేరుగా నోట్లోకో ముక్కులోకో పోతుంది. వాణ్ణి దూరం పెడితే ఏడ్చి ఇల్లు పీకి పందిరి వేస్తాడు. ఈ చిక్కుకు తెలుగు పిల్లలు కనిపెట్టిన పరిష్కారం పేరు ఆటలో అరటిపండు. అరటిపండైన బిడ్డకు తన వంతు వస్తుంది, గవ్వలు వేస్తాడు, అందరితో పాటు చప్పట్లు కొడతాడు, ఎప్పుడూ ఓడిపోడు, ఎందుకంటే వాడి లెక్క ఎవరూ వేయరు. వాడికి మాత్రం తాను ఆడుతున్నాననే నమ్మకం. పెద్దవాళ్ళ వ్యవహారాల్లో పేరుకు మాత్రమే ఉన్నవాణ్ణి ఎగతాళి చేయడానికి తరువాత ఈ పలుకుబడి వాడుకలోకి వచ్చింది గాని, దాని పుట్టుకలో ఎగతాళి లేదు. చిన్నవాణ్ణి ఏడిపించకుండా పెద్ద ఆట సాగించుకొనే నేర్పు ఉంది. ఏ విద్యావేత్తా రాయని ఈ నియమాన్ని పిల్లలే కల్పించి పిల్లలే అమలు చేశారు.

ఇంత దూరం వచ్చినా కొన్న బొమ్మ ఊసు రాకపోవడం యాదృచ్ఛికం కాదు. తెలుగునాట బొమ్మల వృత్తి పాతదే, కాని ఆ బొమ్మలన్నీ చంటిబిడ్డ కోసం చేసినవి కావు. కొండపల్లి బొమ్మలను తెల్లపొణికి అనే తేలిక కర్రతో విడివిడి భాగాలుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే మనిషి సంక్రాంతి కొలువులో చూడటానికే గాని, నోట పెట్టుకొని చప్పరించే చేతికి ఇవ్వదగినవి కావు. నిర్మల్ బొమ్మల సంగతీ అంతే. చంటిబిడ్డకు అచ్చంగా సరిపోయిన వృత్తి లక్క పనివాళ్ళది, దానికి ఎక్కువ పేరు తెచ్చిన ఊరు వరాహ నది ఒడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఏటికొప్పాక.

లక్క అనేది కొన్ని చెట్ల కొమ్మల మీద సన్నని పురుగులు స్రవించే జిగురు పదార్థం. కాచి, శుద్ధి చేసి, రంగు కలిపి కడ్డీలుగా చేస్తారు. ఏటికొప్పాక పనివాళ్ళు వాడే కర్ర అంకుడు, దగ్గరి కొండల్లో దొరికే మెత్తని, సన్నని పోగు గల తెల్లకర్ర. బాగా ఆరిన ముక్కను, కర్రను తిప్పే సాధనమైన తరిమెన పట్టుకు బిగించి, పూర్వం ఒకరు తాడు లాగుతూ తిప్పితే, నేడు కరెంటు మోటారు తిప్పుతుంటే, ఉలితో గుండ్రంగా తొలుస్తారు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి ఒంటికి పట్టుకొంటుంది, ఆపైన మొగలి ఆకుతో అదిమితే నునుపు, మెరుపు వస్తాయి. ఈ పద్ధతిలో తయారయ్యే వస్తువుకు మేకు ఉండదు, అతుకు తక్కువ, మొన తేలదు; తరిమెన స్వభావమే ప్రతిదాన్నీ గుండ్రం చేస్తుంది. పళ్ళు వస్తున్న బిడ్డ కొరికే గిలక్కాయ, నేల మీద దొర్లే బంతి, పిల్లవాడు పట్టుకొని తోస్తూ నడక నేర్చే మూడు చక్రాల నడకబండి, వీటికి ఇంతకు మించిన పనితనం అక్కరలేదు.

వాన రోజులకు మరీ దగ్గరైనవి లక్కపిడతలు, అంటే పొయ్యి, కుండ, మూకుడు, తిరగలి, రోలు, చెంబు వంటి వంటసామగ్రి మొత్తం అరచేతిలో పట్టేంత చిన్నదిగా తరిమెన పట్టిన ఆట వస్తువులు. ఆడపిల్లలు ఉత్తుత్తి వంట చేసి వడ్డించుకొనే ఆటకు తెలుగులో గుజ్జనగూళ్ళు అని పాత పేరు. పోతన భాగవతంలో రుక్మిణి బాల్యాన్ని వర్ణిస్తూ బొమ్మల పెళ్ళిళ్ళతో పాటు దీన్ని కూడా చెప్పాడు. అయిదు శతాబ్దాల తరువాత కూడా లక్కపిడతలతో ఆడే ఆట అదే. వాటిని కొనలేని ఇంట్లో కొబ్బరి చిప్ప, మట్టి మూకుడు, విరిగిన గరిటె ఆ పని చేశాయి, చంటిబిడ్డ దృష్టిలో అవే మేలు కూడా. లక్కపిడత ఎంత ముద్దుగా ఉన్నా అమ్మ చేతిలోని అసలు గరిటెకు సాటి రాదని ఏ ఇంటివాళ్ళకైనా తెలిసినదే.

ఇరవయ్యో శతాబ్దంలో చవకైన రసాయన రంగులు లక్కలో చేరాక, నోట పెట్టుకొనే వస్తువుకు అవి క్షేమమా అన్న సందేహం వచ్చింది. ఏటికొప్పాకకు చెందిన సి.వి. రాజు జాఫ్రా గింజల నుంచి, నీలి నుంచి, ఇతర చెట్టూ చేమల నుంచి తీసిన రంగులను లక్కకు పట్టించే పద్ధతులను మళ్ళీ వాడుకలోకి తేవడం ఆ వృత్తిని నిలిపిన మలుపు. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ఊరి పేరుతో ఆ ప్రాంతంవారే అమ్ముకొనే హక్కు వచ్చింది. బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేస్తూ 2021 జనవరి 1 నుంచి కేంద్రం అమలు చేసిన ఆదేశం నుంచి ఇటువంటి గుర్తింపు ఉన్న చేతివృత్తుల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. లేకపోతే పరీక్షల ఖర్చే చిన్న పనివాడి తరిమెనను ఆపి ఉండేది.

వాన రోజు అనగానే నేటివారికి తట్టే కాగితపు పడవ నిజానికి ఈ వరసలో చాలా కొత్తది. మడిచి నీటిలో వదిలేయగలిగినంత కాగితం సామాన్యుల ఇళ్ళలోకి వచ్చింది బడి పుస్తకాలు, పాత పంచాంగాలు, వార్తాపత్రికలు చేరాకే. ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా మారినది 1914లో, గోలకొండ పత్రిక హైదరాబాదులో మొదలైనది 1926లో. అంతకు ముందు ఆ స్థానం తాటాకుది, కొబ్బరి మట్టది, పోకడొప్పది. పడవ చేసి ఇచ్చేది అన్న. మండువాలో, వీధి కాలువలో అది మునిగేదాకా కేరింతలు కొట్టేది చంటివాడు.

అదే అచ్చు యంత్రం తెచ్చిన బాలసాహిత్యం మాత్రం ఆ చంటివాడిని దాటి పోయింది. రేడియో అన్నయ్యగా పేరు పొందిన న్యాయపతి రాఘవరావు, ఆయన భార్య, రేడియో అక్కయ్య కామేశ్వరి మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపి, 1940లో బాలానంద సంఘాన్ని, 1945లో బాల పత్రికను ప్రారంభించారు; 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిల చందమామ పత్రిక వచ్చింది. బాలల గొంతును బాలలకే వినిపించిన ఈ ప్రయత్నాల విలువ తక్కువది కాదు, అయితే ఇవన్నీ చదవగలిగిన, కనీసం కథ అంతుపట్టిన వయసు పిల్లలవి. రెండేళ్ళవాడికి చందమామ అంటే రంగుల బొమ్మ, చించడానికి వీలైన కాగితం. ప్రభుత్వ దృష్టి కూడా ఇంచుమించు అక్కడే ఆగింది: 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు మూడేళ్ళలోపు పిల్లలకు పోషకాహారం ఇచ్చాయి గాని, ఆటపాటల బడి మూడేళ్ళు నిండినవారికే. జానపద గేయాలను సేకరించిన నేదునూరి గంగాధరం, తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధించి 1958లో గ్రంథం వెలువరించిన బిరుదురాజు రామరాజు వంటివారు పిల్లల పాటలను కూడా సేకరణకు తగినవిగా ఎంచకపోయి ఉంటే, ముసలమ్మల వాన రోజుల సంపద ఈ మాత్రం కూడా కాగితానికి ఎక్కేది కాదు. అచ్చులో పాట మిగిలింది. ఏ పదం దగ్గర వేలు మడవాలో, ఎక్కడ ఆగి బిడ్డ కళ్ళలోకి చూడాలో మిగలలేదు.

హైదరాబాదు దూరదర్శన్ 1977లో ప్రసారాలు మొదలుపెట్టింది. రంగుల టీవీ, కార్టూన్ ఛానెళ్ళు, చివరికి చేతి ఫోను వరసగా వచ్చి ముసలమ్మ స్థానం ఆక్రమించాయి. ఉమ్మడి కుటుంబం విడిపోయి, నగరపు ఫ్లాటులో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాల్లో ఉన్న ఇంట్లో తల్లి చేతులు ఖాళీగా లేవన్న పాత సమస్యే కొత్త రూపంలో ఉంది. తీర్చే మనిషి మాత్రం లేదు. రెండేళ్ళలోపు బిడ్డను తెర ముందు కూర్చోబెట్టవద్దని, రెండేళ్ళు నిండాక కూడా రోజుకు గంట దాటనివ్వవద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఫోనులో మాత్రం తారంగం, కాళ్ళాగజ్జె, ఉప్పుమూట, చందమామ అన్నీ రంగుల బొమ్మలతో, వాయిద్యాలతో దొరుకుతున్నాయి. ముసురు నాడు కూడా చందమామ తప్పక వస్తాడు. పప్పన్నం పాట కూడా ఉంది. అందులో కార్టూన్ ముసలమ్మ కార్టూన్ బిడ్డకు కితకితలు పెడుతుంది, చూస్తున్న బిడ్డ తన చంకను తానే తడుముకొంటుంది. ఆ గది అద్దాల అలమారాలో, పై అరలో, ఏటికొప్పాక లక్కపిడతల జత ఒకటి చిన్న వెదురు బుట్టలో చేతికి అందనంత ఎత్తున ఉంటుంది. వంటింటి గట్టు కింద తెరిచి ఉన్న అలమారా లోంచి స్టీలు గిన్నెల చప్పుడు వినిపిస్తుంది.